ఊరికే రాని చదువు

అత్త క్యారియర్ కట్టిచ్చిన రోజే సరళకు అనుమానం పుట్టింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటినుంచీ శనక్కాయ చేలో కూలీలకైనా, బడికి పోయే కూతురికైనా, మొగుడు రాజేంద్రకైనా క్యారియర్ కట్టింది తనే. ఇప్పుడు తను అనంతపురంలో లా చదవడానికి పోతుంటే సుబ్బలక్ష్మమ్మ తెల్లారే లేచి ఉగ్గాని చేసి పెడుతోంది. రాజేంద్రేమో బత్తలపల్లె దాకా బండి మీద తీసుకుపోయి బస్సెక్కిస్తున్నాడు.

"లా చదివి యా కోర్టును ఉద్ధరిస్తావు? ముందు సంగటి గడ్డలు కట్టకుండా కెలుకు" అన్నది ఈ మనిషే. డిగ్రీ చేతికొచ్చాక ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అలాంటివాడు పోయిన ఏడు ఉన్నట్టుండి "చదువుకో పో, నేనేం అడ్డం రాను" అన్నాడు. మంచి చేస్తే కూడా శంకించే పాడుబుద్ధి ఏమిటని సరళ తనను తానే తిట్టుకుంది. కానీ కరువు నేల మీద పెరిగిన మనిషి. అదును తప్పి వాన పడితే సంతోషం కంటే ముందు గింజ కుళ్లిపోతుందనే భయమే కలుగుతుంది.

రాజ్యాంగం క్లాసులో ఆ రోజు డెబ్భై మూడో సవరణ. పంచాయతీల్లో మూడోవంతుకు తగ్గకుండా ఆడవాళ్లకు సీట్లు, సర్పంచి పదవుల్లోనూ అంతే అని మేడం చెప్పింది. "సర్పంచి మొగుడు అనే పదవి మాత్రం ఇందులో ఎక్కడా లేదు" అంది. క్లాసంతా నవ్వింది. సరళకు నవ్వు రాలేదు. ఈసారి మన ఊరి సర్పంచి పదవి ఆడోళ్లకు వస్తాదంట అని రాజేంద్ర ఎవరితోనో ఫోనులో అనడం గుర్తొచ్చి ఒళ్లు మండింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వసారాలో పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు.

"పాప లా చదువుతాండాది. అవతలోళ్లు వంక పెట్టేకి లేదు" అంటున్నాడు ఓబుళేసు.

"పేరే కదన్నా ఆమెది" అన్నాడు రాజేంద్ర. "పనులన్నీ నేను చూసుకుంటా. మా అమ్మప్పుడు మా నాయన చూసుకున్నట్లే."

సరళ గబగబా వంటింట్లోకి పోయి అత్త ముందు నిలబడింది. "ఇదంతా నీకూ తెలుసు కదత్తా? అందుకేనా రోజూ నాకు క్యారియర్ కడతాండేది?"

సుబ్బలక్ష్మమ్మ టీ వడగడుతూ తలెత్తలేదు. "వానికి పేరు పక్కన చదువు కావల్ల. అదే చెప్పి వాన్ని ఒప్పించింది నేనే. అయిదేండ్లు సర్పంచిని పాపా నేను. ఒక్కసారి కూడా ఆపీసు గడప తొక్కలే. మీ మామ చూపించిన తావల్లా సంతకం పెట్టినా. దేనికి పెట్టినానో ఈపొద్దుకీ తెలీదు. నువ్వన్నా చదివి పెడతావని."

ఆమెను నమ్మాలో వద్దో సరళకు తెలియలేదు. టీ పళ్లెం అందుకోకుండానే వసారాలోకి వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"నిలబడతా ఓబుళేసన్నా" అంది. "ఓట్లడిగేది నేనే. ఆపీసులో కూచునేది నేనే. ఈయప్ప ఆడికి వచ్చే పని లేదు. అట్ల కుదరదంటే వేరే ఆడమనిషిని చూసుకోండి."

రాజేంద్ర నవ్వబోయి ఆగాడు. ఓబుళేసు అతని వైపు చూశాడు. రాజేంద్ర వెనక్కి తిరిగి, గడపలో నిలబడిన తల్లి వైపు చూశాడు.

"నా తట్టు చూడాకురా" అంది సుబ్బలక్ష్మమ్మ. "నా సంతకాలు అయిపోయినాయి."