కంచె దాటిన ఐరిస్ మొక్క

జపాన్‌లోని కుమామోతోలో ఐరిస్ పూలు పెంచేవాళ్ల సంఘం ఒకటుంది. వాళ్ల నియమం గట్టిది. మొక్క గానీ గింజ గానీ సభ్యుల గడప దాటకూడదు. కొత్త మొక్క మొదటిసారి పూసినప్పుడు గురువుగారు వచ్చి చూస్తారు. ఆయన వద్దన్నదాన్ని పెంచినవాళ్లే పీకి, ముక్కలు చేసి మట్టిలో కలపాలి. అయ్యో పాపం అనే మనసున్నవాళ్లు చామంతులు పెంచుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఆ సంఘంలో చేరాలని మిసావోకి పిచ్చి. గురువు హిరయాసు గారు ఆమెను నమ్మి, పరీక్షగా పండి ఎండిన ఐరిస్ కాయ ఒకటి చేతిలో పెట్టారు. ఆ గింజలు చలి తింటే గానీ మొలవవు. తడికాగితంలో చుట్టి చలికాలమంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మిసావో మొగుడు మాత్రం, "తినేవాటి పక్కన ఈ దరిద్రం ఏంటి?" అని డబ్బా తీసి బయటపెట్టేవాడు.

పక్కింటి కినుయే పిన్ని ఆదుకుంది. "నా ఫ్రిజ్ నా పొట్టలాగే సగం ఖాళీ. తెచ్చి పెట్టవే" అంది. గింజలు గడప దాటింది అప్పుడే. అవసరం తనది కాబట్టి మిసావోకి నియమం గుర్తురాలేదు.

కాగితం ఆరిపోకుండా పిన్నే చూసుకుంది. చలి తగ్గాక ఒకరోజు ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. "అమ్మాయ్, పుట్టాయే! తెల్లగా వేళ్లొచ్చాయి, రా!"

నారు కుండీల్లోకి మార్చేటప్పుడు మిసావో ఒక మొక్క ఆమెకిచ్చింది. "పెరట్లో పెట్టుకో పిన్నీ. ఎవరితోనూ అనకు."

"నాతో మాట్లాడేవాళ్లెవరే అనడానికి!" అని నవ్వింది పిన్ని.

మూడో ఏడు వానల్లో మొక్కలు పూశాయి. గురువుగారు వచ్చి, ఒక తెల్లపువ్వు ముందు మోకాళ్లు మడిచి చాలాసేపు కూర్చున్నారు. "ఇది ఉండనీ" అన్నారు. అంటే మిసావోని చేర్చుకున్నట్టే. ఆమెకి కాళ్లు నేలమీద ఆనలేదు.

గొడుగు పట్టుకుని ఆయన్ని సాగనంపుతుంటే పక్కింటి గేటు దగ్గర కుండీ కనబడింది. ఊదారంగు రేకులు, తెల్లటి ఈనెలు. పూసిన సంబరంలో పిన్ని దాన్ని నలుగురూ చూసేలా వీధిలోకి తెచ్చి పెట్టుకుంది.

గురువుగారు ఆగిపోయారు. "ఇది నా కాయలోదే. ఎవరిచ్చారమ్మా?"

పిన్ని నవ్వుతూ మిసావో వైపు చూసింది. ఆమె నోరు తెరిచేలోపే మిసావో అందుకుంది. "ఎవరూ ఇవ్వలేదండీ! పారేసిన నారు చెత్తలోంచి ఏరుకెళ్లినట్టున్నారు."

పిన్ని ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, మెల్లగా పోయింది.

"అవునండీ. చెత్తలో కనబడితే ఆశపడ్డాను. ముసలిదాన్ని, బుద్ధి గడ్డితింది" అంటూ వానలో నడుము వంచి దండం పెట్టింది. మొక్కని తనే పీకి, రెండు చేతులతో మిసావోకి అందించింది.

"ఇకమీదట ముక్కలు చేసి పారెయ్యమ్మా. ఇరుగుపొరుగు ఎలాంటివాళ్లో తెలీదు కదా" అన్నారు గురువుగారు.

"అలాగేనండీ" అంది మిసావో. ఆ నోరు పడిపోయినా బాగుండేదని తర్వాత ఏడ్చింది గానీ, అవసరమైన వేళకి నోరు భేషుగ్గా పనిచేసింది. ఆయన చూస్తుండగానే మొక్కని పువ్వుతో సహా నరికేసింది.

మర్నాడు పొద్దున్నే పక్కింటి గేటు దగ్గర నిలబడింది. తిడితే పడదామని, కొడితే ఇంకా మంచిదని వచ్చింది. వాకిలి ఊడుస్తున్న పిన్ని చీపురు పక్కనపెట్టి దగ్గరికొచ్చింది. వీధి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఏమైందే? నిన్ను చేర్చుకున్నారా?"

"చేర్చుకున్నారు పిన్నీ."

"హమ్మయ్య! నిన్నటినుంచీ నాకు అదే బెంగ. నేను సరిగ్గా చెప్పానో లేదో, ఆయన నమ్మాడో లేదో అని."

మిసావోకి ఏడవడానికి కూడా సిగ్గేసింది.