కదలని బొటనవేలు

కీలన్ ఫాంటెనో నలభై గజాలు పరిగెత్తిన ఆ మార్చి ఉదయం, లూసియానాలోని వాళ్ల చిన్న కాలేజీ మైదానంలో, గమ్యం గీత పక్కన పద్నాలుగు మందిమి స్టాప్‌వాచీలు పట్టుకుని నిలబడ్డాం. ఒక్కొక్కరం ఒక్కో ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తరఫున వచ్చాం. కాలేజీ కుర్రాళ్లలో ఎవడు పై ఆటకు పనికొస్తాడో చెప్పడం ఇరవై రెండేళ్లుగా నా పని.

మా పెద్ద, రస్ కెటరర్, బయల్దేరే ముందే హెచ్చరించాడు. "వెండెల్, నువ్వు తీసిన సమయం కావాలి, వాడు ఆడే స్థానం ఒకటే కావాలి. ఏది లేకపోయినా కార్డు గోడెక్కదు." మా ఆఫీసు గోడ మీద పేరు రాసిన కార్డు లేనివాణ్ణి, ఏప్రిల్‌లో కొత్తవాళ్లను ఎంచుకునేటప్పుడు మా జట్టు పిలవదు.

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. నాలుగేళ్ల క్రితం ఒకణ్ణి చూసి మైమరచి, 'ఎక్కడైనా ఆడగలడు' అని రాశాను. వాడు ఎక్కడా ఆడలేకపోయాడు. అప్పట్నుంచీ నాలో ఆశ్చర్యం పుడితే, జ్వరం వచ్చిందేమోనని ఒళ్లు పట్టి చూసుకునేవాడిలా, దాన్ని తడిమి చూసుకుంటాను.

పొద్దున్నే కోచ్‌ల గదిలో అతని ఆటల వీడియోలోంచి ఒకే ముక్కను పంతొమ్మిది సార్లు తిప్పి చూశాను. ఫాంటెనో రిసీవర్‌గా అంచున నిలబడి, విసిరిన బంతిని పట్టుకుంటాడు, మధ్యలోంచీ పట్టుకుంటాడు, వెనకనుంచి అందుకుని పరిగెడతాడు. అవన్నీ రాయొచ్చు. ఆ ముక్కలో మాత్రం బంతి అవతలి వైపు వెళ్లింది, అతనికి పనే లేదు. అయినా ఎదుటివాడు తిరగక ముందే, వాడు తిరగబోయే దారికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. ఎలా తెలిసింది? పంతొమ్మిదోసారి కూడా నాకు అర్థం కాలేదు.

పరుగు మొదలైంది. అతని చెయ్యి నేల వదలగానే వాచీ నొక్కాను. ఆ తర్వాత నేను లేను. దగ్గరకొచ్చేకొద్దీ అతని మొహం ప్రశాంతమైపోతోంది. అంత వేగంలో అంత తీరికగా ఉన్న మనిషిని నేనెన్నడూ చూడలేదు. గీత దాటి వెళ్లిపోయాడు. నా చేతిలో వాచీ ఇంకా నడుస్తూనే ఉంది.

"నాకు నాలుగు పాయింట్ మూడు ఎనిమిది సెకన్లు," అన్నాడు పక్కనున్న బడ్ టిల్లరీ. వేరే జట్టువాడు, నా పాత స్నేహితుడు. "నీకెంతరా? ఏంట్రా, నోరు మూసుకో, ఈగలు దూరతాయ్!"

వాచీ చూపించాను.

"ఓరి నీ! ఆపలేదా? ఇన్నేళ్లొచ్చాయి ఎందుకురా? సర్లే, నాది రాసుకో. ఎవడొచ్చి అడుగుతాడు?"

తాగి వచ్చినా, నిద్రపోయినా మాలో క్షమిస్తారు. పక్కవాడి అంకె రాసుకోవడాన్ని మాత్రం క్షమించరు. తల అడ్డంగా ఊపి, కంచె వైపు నడిచాను. అక్కడ ఫాంటెనో నీళ్లు తాగుతున్నాడు.

నేను నోరు విప్పేలోపే అతనే అడిగాడు. "సార్, మళ్లీ పరిగెత్తమంటారా?"

"ఎందుకు?"

"మీ వాచీ ఆగలేదు కదండీ. గీత దాటేటప్పుడు చూశాను. అందరి బొటనవేళ్లూ కదిలాయి, మీది కదల్లేదు."

"పరిగెడుతూ చూశావా?"

"చూడాలని చూడను సార్. కనిపిస్తాయి." తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. "ఇంకోసారంటే కాస్త నెమ్మదిస్తానేమో. కానీ మీకు కావాలంటే పరిగెడతాను."

"వద్దు నాయనా. కూర్చో."

కారు దగ్గరకెళ్లి రస్‌కు ఫోన్ చేశాను.

"సమయం?"

"తియ్యలేదు. చూస్తూ ఉండిపోయాను."

"మళ్లీ మొదలెట్టావా? పోయినసారి జరిగింది మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. పోయినసారి వాడు నన్ను ఆశ్చర్యపరిచాడు, అంతే. ఇతను నన్ను చూశాడు రస్." బొటనవేలి సంగతంతా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అంకె లేకుండా గోడెక్కిస్తే, వాడు తేలిపోయిన రోజున నిన్ను నేను కాపాడలేను. అర్థమవుతోందా?"

"అవుతోంది."

"స్థానం?"

"రిసీవర్. ఒకటే రాస్తున్నాను."

"ఆ వరసలో ఎన్నోవాడు?"

గోడ మీద ఇప్పటికే ఉన్న పేర్లు నాకు కంఠతా వచ్చు. వాటిలో మూడు నేను రాసినవే.

"మొదటివాడు," అన్నాను.