సరిచూసినవారు

సత్యానందం గారికి ఒక పిచ్చి ఉండేది. ఏ నకలు మీదైనా రెండు సంతకాలు ఉండి తీరాలి. ఒకరు అసలు పుస్తకం చూస్తూ పైకి చదవాలి, ఇంకొకరు నకలు మీద వేలు పెట్టి సరిచూడాలి. అడుగున 'చదివినవారు' అని ఒక గడి, 'సరిచూసినవారు' అని ఒక గడి. రెండో మనిషి దొరక్కపోతే గడి ఖాళీగా వదిలెయ్యాలే గాని, ఒకే చేత్తో రెండూ నింపకూడదు. ఈ పద్ధతి ఆయన బాపట్ల మున్సిఫ్ కోర్టులో నేర్చుకుని, ఆఫ్రికాలో ఒక దేశపు హైకోర్టుకు మోసుకెళ్లాడు. ఆ దేశం పేరు ఎందుకులెండి. పదమూడేళ్లు అక్కడ శిరస్తాదారుగా చేసి ఏడుగురు గుమాస్తాలను తయారుచేశాడు. తిట్టి తయారుచేశాడు. అయినా వాళ్లు ఆయన్ని తండ్రిలాగే చూసుకున్నారు.

డెబ్బై నాలుగులో సైన్యం ఆ కోర్టుకు తాళం వేసింది. సైనికులు వస్తున్నారని ముందురోజే కబురు తెలిసి, సత్యానందం బీరువాలోంచి ఫిర్యాదుల రిజిస్టర్లు ఏడూ తీశాడు. గుమాస్తాలను ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి, తలా ఒకటి చేతికిచ్చి ఇంటికి పంపేశాడు. కనబడకుండా పోయినవాళ్ల కోసం తల్లులూ భార్యలూ రాయించిన ఫిర్యాదులవి. ఎవర్ని ఏ తేదీన ఏ ఆఫీసరు జీపెక్కించుకుపోయాడో పేర్లతో సహా ఉన్నాయి. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో ఆయనొక్కడికే తెలుసు. ఆ తర్వాత భార్య దీనమ్మతో అమెరికా చేరి, న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి రికార్డు గదిలో ఫైళ్లు సర్దే పనిలో కుదిరాడు.

ఆరేళ్లకు అక్కడ సైనిక పాలన, దాంతో రాజుకున్న అంతర్యుద్ధం ముగిశాయి. కొత్త ప్రభుత్వం వచ్చింది, కోర్టులు మళ్లీ తెరుస్తామంది. ఆ పనికి సాయం చేసే ఒక సంస్థ తరఫున హార్లన్ అనే అమెరికన్, ఎనభై సెప్టెంబరులో, న్యూజెర్సీలోని ఐసెలిన్ ఊళ్లో వీళ్ల అపార్ట్‌మెంట్ వెతుక్కుంటూ వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పాడు.

"చట్టం మళ్లీ నిలబడాలంటే ముందు ఆ పుస్తకాలు కావాలి సర్. దాచిందెవరో మీరే చెప్పాలి," అన్నాడు. రెండు సంతకాల పద్ధతి గురించి విని, మెచ్చుకుంటూ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

సత్యానందం పొంగిపోయాడు. ఆసుపత్రిలో ఆరేళ్లుగా ఆయన్ని 'సర్' అన్న పాపాన పోయినవాడు లేడు మరి. అయినా కోర్టులో ఎదిగిన మనిషి, ముందు ఇద్దరి పేర్లే ఇచ్చాడు. మథయాస్, ఎలైజా. పని ఎలా సాగుతుందో చూశాక మిగతా ఐదూ చెబుతానన్నాడు.

డిసెంబరులో అక్కడి కోర్టు నుంచి ఒక రిజిస్టరు మొదటి నకలు పోస్టులో వచ్చింది. కొత్త సీలు, కొత్త రిబ్బను. ఆదివారం తెలుగు ఆరాధనకు తీసుకెళ్లి పాస్టరు గారితో సహా అందరికీ చూపించుకున్నాడు. ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా అడుగుదాకా చదివాడు. అక్కడ ఆయన వేలు ఆగిపోయింది.

మథయాస్‌ది ఎడమచేతి వాటం. అతని రాత వెనక్కి వాలుతుంది. మొదటి గడిలో 'మథయాస్' వెనక్కి వాలి ఉంది. రెండో గడిలో 'ఎలైజా' కూడా వెనక్కే వాలి ఉంది.

ఎలైజా జ్వరంతో పడుకుని ఉంటే ఆ గడి ఖాళీగా ఉండేది. మథయాస్ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఇంకొకరి గడి నింపలేదు. అంటే ఎలైజా బతికే ఉన్నాడని చూపించడం ఎవరికో అవసరమైంది. ఆ ఎవరో మథయాస్ పక్కనే నిలబడి రాయించారు. ఆ వాలు కనిపెట్టగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడని మథయాస్‌కు తెలుసు. అందుకే దాన్ని దాచలేదు.

సత్యానందం నకలు మడిచి పెట్టేశాడు. మిగతా ఐదు పేర్లూ చచ్చినా చెప్పకూడదనుకున్నాడు. ఆ ఒక్క మాట భార్యతో అని ఉంటే ఎంత బాగుండేది! అనలేదు. ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడకపోవడం గొప్ప అనుకునే మగవాళ్లలో ఆయనొకడు.

ఆ వారమే క్రిస్మస్ కార్డులు వచ్చాయి. ఆరేళ్ల తర్వాత అక్కడి పోస్టాఫీసులు తెరిచారు కదా. దీనమ్మ మురిసిపోయి, సోఫా పైన గోడకు తాడు కట్టి వరసగా వేలాడదీసింది. మిగతా గుమాస్తాలవి, ఐదు కార్డులు. మథయాస్, ఎలైజాలవి రాలేదు. సత్యానందం లెక్కపెట్టుకుని ఇంకా భయపడ్డాడు. వాటిని దించెయ్యాలని మాత్రం తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం హార్లన్ వచ్చి ఆ సోఫాలోనే కూర్చున్నాడు.

"ఎలైజా ఎలా ఉన్నాడు?" అన్నాడు సత్యానందం.

"బావున్నాడట సర్. మన గుమాస్తాలను హోం మంత్రి జనరల్ బరూకా గారే స్వయంగా చూసుకుంటున్నారు."

బరూకా. ఆ పేరు సత్యానందం తన చేత్తోనే రిజిస్టర్లో ఎక్కించాడు. అప్పటికి కెప్టెన్. ఒకే తల్లి కొడుకులిద్దర్ని జీపెక్కించుకుపోయినవాడు. ఆ తల్లి వేలిముద్ర ఏ పేజీలో ఉందో కూడా గుర్తుంది.

"మిగతా పేర్లు నాకు గుర్తులేవు. పెద్దవాణ్ణయిపోయాను," అన్నాడు.

హార్లన్ నొచ్చుకున్నట్టు చూశాడు. సరిగ్గా అప్పుడే దీనమ్మ కాఫీ, నూనెలో వేయించిన గులాబీ పువ్వుల పళ్లెం పట్టుకుని వచ్చింది. వచ్చిన ఇంగ్లీషులోనే ఉత్సాహంగా మొదలెట్టింది.

"సర్, లుక్! ఆల్ హిజ్ కోర్ట్ చిల్డ్రన్! స్టిల్ రిమెంబరింగ్!"

"దీనా, నువ్వు లోపలికెళ్లు."

"అయ్యో, ఇందులో సిగ్గెందుకండీ! మీరు చెప్పుకోరు, నన్ను చెప్పనివ్వరు." పళ్లెం పక్కన పెట్టి, తాడు మీంచి కార్డులు ఒక్కొక్కటీ తీసి హార్లన్ చేతిలో పెట్టింది. లోపల పేరు, కింద ఊరు, వీధి, ఇంటి నంబరు. శిరస్తాదారు నేర్పిన పద్ధతిలో, ఒక్క వివరం తప్పిపోకుండా.

హార్లన్ పెన్ను తీశాడు. సత్యానందం లేచి కార్డులు లాక్కునేసరికి ఐదో పేరు కూడా కాగితం మీదికి ఎక్కేసింది.

"అవి పంపకండి. ఎలైజాను చంపేశారు," అన్నాడు. నకలు తెచ్చి ముందు పెట్టాడు. "చూడండి. రెండూ ఒకే చెయ్యి."

హార్లన్ నకలు వంక ఓపిగ్గా చూశాడు. అతనికి నిజంగా ఏమీ తెలియదో, అన్నీ తెలుసో ఆ ముఖంలో అంతుపట్టలేదు.

"రెండు గడులూ నింపే ఉన్నాయి కదా సర్," అన్నాడు.

తర్వాత తన కాగితం అడుగున గీత గీసి రెండు గడులు చేశాడు. మొదటి దాంట్లో సంతకం పెట్టి, పెన్ను సత్యానందం వైపు తిప్పాడు. "మీ పద్ధతే. నేను చదువుతాను, మీరు సరిచూడండి."

ఐదు పేర్లూ, ఐదు ఇళ్ల నంబర్లూ పైకి చదివాడు. ఒక్కటీ తప్పు పోలేదు. సత్యానందం పెన్ను ముట్టుకోలేదు. హార్లన్ ఖాళీ గడితోనే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాఫీకి థాంక్స్ చెప్పి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

దీనమ్మ తాడు కింద అలాగే నిలబడి ఉంది. సత్యానందం అప్పుడు చెప్పాడు, మొదటినుంచీ, అంతా. ఆమె బోసిపోయిన తాడు వైపు చూసి, తర్వాత ఆయన వైపు చూసింది.

"ఈ మాట నాకు పొద్దున్నైనా చెప్పి ఉండకూడదటండీ?" అంది.