పూసే

“ఈ తూరన్నా ఒళ్ళు వంచి కనమ్మే,” అంది అత్త కమలమ్మాళ్, చేటలో తాలు చెరుగుతున్న కోడలి కడుపు వంక చూసి.

అమ్మాయమ్మకు ఎనిమిదో నెల. చేట పక్కన పెట్టి, ఏంబలం ఊరి నుంచి వచ్చిన వేరుశనగ గోనె మూతి విప్పింది. పైన నిగనిగలాడే కాయల జోలికి పోలేదు. మోచేతిదాకా చెయ్యి దోపి అడుగు కాయ తీసి, పగలగొట్టి, గింజ కొరికి చూసింది. తండ్రి నేర్పిన వ్యాపారం అది. సరుకైనా మనిషైనా పైపైన చూసి నమ్మడం ఆమెకు చేతకాదు. అలాంటి మనిషి, ఒక్క మాటను మాత్రం అడుగు చూడకుండానే రెండేళ్ళుగా మోస్తోంది. మొదటి బిడ్డ తన మొండితనం వల్లే పోయిందన్న మాట.

అప్పుడు ఆమెను కాలువకు తూర్పున, ఫ్రెంచి దొరలుండే తెల్లవాళ్ళ వీధిలో ఉన్న ప్రసవశాలలో చేర్చారు. వెళ్ళగానే అన్నీ తడిమి చూసుకుంది. దుప్పటి ఉతికినదే, పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి, కత్తెరను ఆ నీళ్ళలోనే వేస్తున్నారు. మంచిదే అనుకుంది. తర్వాత చీర తీయించారు. తలుపు తీసే ఉంచారు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. నొప్పికి తాళలేక అరిస్తే ఆయా భాగ్యం, “ఏంది ఆ అరుపు? మొగుడి పక్కన పండుకున్నప్పుడు అరిచినావా?” అంది. ఆ మాటకు అమ్మాయమ్మ నోరు మూసుకుంది. ఇక ఎంత నొప్పి వచ్చినా ఏమీ అడగలేదు.

అప్పుడే తెల్ల మంత్రసాని మొహం మీదికి వంగి, “పూసే! పూసే!” అని కేక పెట్టింది.

పూజను వీళ్ళ ఇళ్ళలో పూసే అంటారు. అరవం కలిసిన తెలుగు. ఈ దొరసాని కూడా దేవుడి మీద భారం వేసిందంటే పని చెయ్యి దాటిపోయిందన్న మాటే. చేతులు జోడించి, ఊపిరి బిగబట్టి, విల్లియనూరు అమ్మవారికి మొక్కుకుంది. దొరసాని ఎంత అరిస్తే ఈమె అంత గట్టిగా కళ్ళు మూసుకుని కదలకుండా పడుకుంది. తొడ మీద ఫెడీమని ఒక దెబ్బ పడింది. తలుపు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. చివరికి ఆడపిల్లను లాగి తీశారు. నీలంగా ఉంది. ఏడవలేదు.

“మీ ఆడమనిషి మొండిది, చెప్పిన మాట వినలా,” అంది భాగ్యం, బయట నిలబడ్డ మొగుడితో. ఆ మాట ఇంటికొచ్చింది, వీధికెక్కింది, అత్త నోట రోజూ వంటింట్లో తిరిగింది. “పూసే చెయ్యమన్నారు, చేసినాను,” అని మొగుడు పట్టాభిరామన్‌కు ఒక్కసారి చెప్పుకుంది. ఆయనకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. “సరే, పడుకో,” అన్నాడు. ఆయన రేవులో గుమాస్తా. దొరలతో ఫ్రెంచి మాట్లాడతాడు.

ఏంబలం గోనె విప్పి చూసిన మర్నాడు అమ్మాయమ్మ తానే రేవుకు పోయింది. ఇంట్లో నిండుగా తూగిన గోనెలు రేవులో ఎందుకు తగ్గుతున్నాయో కళ్ళారా చూడాలని. తక్కెడ పక్కనే కదలకుండా నిలబడింది. అవతల సముద్రంలోకి వేసిన వంతెన మీద, పట్టాల బండి నిండా గోనెలు వేసి ఉన్నాయి. తెల్లదొర ఒకడు టోపీ వెనక్కి నెట్టి అరిచాడు.

“పూసే! పూసే!”

కూలీలంతా భుజాలు ఆన్చి ముక్కుతూ తోశారు. బండి కదిలింది.

అమ్మాయమ్మ తక్కెడ సంగతి మరిచిపోయింది. గోనెలు మోసే కన్నియమ్మాళ్ చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఆయన ఏమన్నాడు?”

“తొయ్యమన్నాడమ్మా. పొద్దున లేస్తే అదే కూత కదా.”

“నిజంగానా? ఇంకో అర్థం లేదా?”

“ఇంకేముంటాది?” కన్నియమ్మాళ్ ఉన్నట్టుండి నవ్వింది. “అదే మాటకి యాడో ఒకామె, కాన్పులో ముక్కమంటే దండం పెట్టుకోని పండుకునిందంట. మీ ఇంటాయనే చెప్తాడు ఆ కత. ఈ రేవులో నవ్వనోళ్ళు లేరు.” అని, ఎదుటి మొహం చూసి నవ్వు మింగేసింది. “అమ్మా… నువ్వా?”

ఆ సాయంత్రం అమ్మాయమ్మ మొగుడికి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. “పూసే అంటే తొయ్యమని మీకు అప్పుడే తెలుసు కదా?”

పట్టాభిరామన్ ముద్ద కలుపుతూ ఆగాడు. “తెలుసు. చెప్తే మాత్రం? పోయిన బిడ్డ లేచి వస్తాదా?”

“మీ అమ్మ నన్ను రోజూ అంటా ఉంటే విన్నారే.”

“ఆడోళ్ళ మాటల్లో నేనెందుకు?”

“రేవులో మాత్రం చెప్పినారే.”

“నీ పేరు చెప్పలా కదే,” అన్నాడు ఆయన, పెద్ద ఉపకారం చేసినవాడిలా.

ఆమె మజ్జిగ పోసి లేచింది. ఇన్నాళ్ళూ భాగ్యాన్ని అనుమానించింది, దొరసానిని అనుమానించింది, అందరికంటే ఎక్కువగా తన ఒంటినే అనుమానించింది. పక్కన పడుకునే మనిషిలో మాత్రం చెయ్యి దోపి చూడలేదు.

అత్త తనకు తెలిసిన నాటు మంత్రసానిని పిలిపించింది. అమ్మాయమ్మ ఆ మంత్రసాని గోళ్ళ సందుల్లో మట్టి చూసి వద్దంది. ప్రసవశాలలో తెర్లే నీళ్ళు, ఉతికిన దుప్పటి మంచి సరుకు. ఒకరి పొగరుకు జడిసి దాన్ని ఎందుకు వదులుకోవాలి? కాటా తప్పయితే పక్కన మన మనిషిని నిలబెట్టుకోవాలి, అంతే.

నొప్పులు మొదలైన పొద్దున, కన్నియమ్మాళ్ చెయ్యి పట్టుకుని కాలువ దాటింది. గేటు దగ్గర భాగ్యం అడ్డం నిలబడింది.

“ఈమె ఎవరు? అమ్మా? అత్తా?”

“నాకు ఫ్రెంచి చెప్పే మనిషి.”

“ఈ మూటలామెకా ఫ్రెంచి?”

“ఒక్క మాట వచ్చు. నాకు అది చాలు.”

“పరాయోళ్ళను లోపలికి రానీరు.”

అమ్మాయమ్మ మెట్టు మీద చతికిలబడి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. “అట్లయితే ఈడనే కంటాను. వీధి వీధంతా చూస్తాది. పోయిన తూరి తలుపు తీసిపెట్టినారు కదా, నాకు అలవాటే.”

దారిన పోయేవాళ్ళు అప్పుడే ఆగి చూస్తున్నారు. భాగ్యం వాళ్ళను చూసి గొణుక్కుంటూ గేటు తీసింది. కన్నియమ్మాళ్ ముందు కాలు లోపల పెట్టింది. ఆమె భుజం ఆనుకుని అమ్మాయమ్మ లేచింది.

“ఒక్క మాటకి ఈమెను ఈడ్చుకోని వచ్చినావే,” అంది భాగ్యం వెనక నుంచి. “మీ ఆయనకు ఫ్రెంచి అంతా వచ్చు కదా?”

“వచ్చు,” అంది అమ్మాయమ్మ. “అందుకే ఆయన్ను పిలుచుకోని రాలా.”