చుక్క నడిచే దారి

పాలామె చెప్పగా విన్న మాట ఇది: మూలింటివాళ్లు తమ పసిదానికి పోలియో చుక్కలు మానేసి సూది వేయిస్తున్నారట. చుక్కల్లో ఏదో ఉండబట్టే కదా మానారని, ఎదురింటి మిషనక్క కుడుతున్న జాకెట్టు పక్కన పడేసి మరీ వీధంతా చెబుతోందట.

మూలింటి తాతకు ఆ మాట ముల్లులా దిగింది. లారీలు బాగుచేసి బతికిన మనిషి. ఆయన ఒంట్లో ఉన్నది తమ్ముడిచ్చిన కిడ్నీ. దాన్ని ఒళ్లు తోసెయ్యకుండా మింగే మాత్రలు, రోగాన్ని ఎదిరించే బలాన్నీ తగ్గిస్తాయి. మనవరాలి ముడ్డి కడగడం, గుడ్డలు ఉతకడం ఆయన పని, ఇంకొకరిని ముట్టనివ్వడు. కిడ్నీ సంగతి తెలిస్తే పిల్లను తన చేతికివ్వరని దాచమన్నాడు. కూతురు వినలేదు, కిందటిసారి టీకాకు వెళ్లినప్పుడే డాక్టరమ్మకు చెప్పేసింది.

డాక్టరమ్మ పిల్లను లాక్కోలేదు. చుక్కలు పక్కనపెట్టి సూది తీసింది. వీధిలో మాట విన్నాక, ఈసారి సూదికి వెళ్లినప్పుడు తాత అడిగేశాడు.

"రెండూ ఒకటే మందు కాదా అమ్మా?"

"జబ్బు ఒకటే, దారి వేరు పెద్దాయనా. చుక్కల్లోది కోరలు పీకిన బతికున్న క్రిమి. పేగుల్లో పెరిగి, కొన్ని వారాలు మలంలో బయటికొస్తుంది. పక్కపిల్లలకు అంటితే చాలాసార్లు వాళ్లకూ కాపలా నేర్పుతుంది. మీలాంటి ఒంటికి మాత్రం, అరుదుగానే అయినా, ముప్పు. సూదిలోది చచ్చిన క్రిమి. పిల్లను కాపాడుతుంది, గడప దాటదు."

తాత తన చేతులవంక చూసుకున్నాడు. పసినోట్లో పడ్డ చుక్క గుడ్డల్లోంచి, నీళ్లలోంచి, వేళ్లమీదుగా ఎవరూ పిలవకుండానే పక్కింటికి కాపలా వెళుతుందా? ఒక బండిలో పోస్తే పక్కబండినీ నడిపించే చమురు ఆయన జన్మలో చూడలేదు. 

"మరి తిరిగి తిరిగి కోరలు మళ్లీ మొలవవా?"

"మందు పడని పిల్లలు ఎక్కువైతే, ఒకరినుంచి ఒకరికి నెలల తరబడి తిరిగి మొలవొచ్చు. అందరికీ పడినచోట దానికి దారే దొరకదు."

ఇంటికొస్తుంటే మిషనక్క వాకిట్లోనే ఎదురైంది, చుట్టూ నలుగురు ఆడవాళ్లు. ఇన్నాళ్లూ దాచిన కిడ్నీ గురించి, మాత్రల గురించి, చుక్క గురించి తాత నిలబడి అందరికీ చెప్పాడు. మిషనక్క ముక్కున వేలేసుకుంది.

"చూశారా, అది తిరుగుతుందని ఆయనే అంటున్నాడు. మావాడికి వేయించకుండా మంచిపనే చేశాను బాబాయ్."

తాత పసిదాన్ని భుజం మార్చుకున్నాడు.

"దానికి మళ్లీ కోరలు మొలవడానికి కావలసింది మందు పడని పొట్టేనమ్మా. ఈ వీధిలో అలాంటి మొదటి పొట్ట నీ కొడుకుది."