చెర్రీ తోట దారిలో ఇంటూ గుర్తు

టిక్ అంటే పర్వాలేదు, కరక్ అంటేనే ఆగాలి, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ అలాగే చెప్పింది, ఇప్పుడు మోకాల్లో వినిపించింది టిక్కో కరక్కో తేల్చుకోలేక ఒనోరియో ఓ రాయి మీద కాలు పెట్టి, వెనకాల వస్తున్నవాళ్ళకి జలాశయం చూపిస్తున్నట్టు చెయ్యి చాచాడు, నీళ్ళు ఎంత నిండుగా ఉన్నాయో చూడండి, ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, అన్నాడు, అందరూ నమ్మి చూశారు, అంపారో టీచరైతే ఫోటో కూడా తీసింది, మాడ్రిడ్‌లో బడి నుంచి రిటైరై ఈ ఊరొచ్చి ఏడాదైనా కాలేదు, ఎవరేం చూపించినా శ్రద్ధగా చూసే అలవాటు పోలేదు పాపం, గోయో ఒక్కడే నీళ్ళు చూడ్డం మానేసి ఒనోరియో మోకాలు చూస్తున్నాడు, చిన్నప్పటి స్నేహితుడితో ఇదే చిక్కు, ఏదీ దాచనివ్వడు, చూడనీ, చూస్తే చూశాడు, ఊళ్ళో పెన్షనర్ల నడక సంఘానికి ఇవాళ నాయకుడు తను, నది పక్కన బయల్దేరి, జలాశయం చుట్టి, ఆనకట్ట దగ్గర ఊరివాళ్ళు వండుతున్న మేకమాంసం కూర దించేలోపు అక్కడికి చేరాలి, చేరి తీరాలి, అదీ కుంటకుండా, ఊరంతా చూస్తుండగా చేరాలి, ఎందుకంటే వచ్చే ఆదివారం పెద్దలంతా కూర్చుని మరియమాత పల్లకీ ఎవరెవరు మొయ్యాలో తేలుస్తారు, పల్లకీ ముందు కుడి బొంగు నాన్నది, నాన్న తర్వాత తనది, మోకాలు కోసిన ఏడాది, ఆ ఒక్క ఊరేగింపుకే అని, అక్క బెనీతా దాని కింద భుజం పెట్టింది, అంతే, మళ్ళీ తియ్యలేదు.

బొంగంటే ఏమైనా ఆషామాషీయా, ఇల్లు పోయినా పొలం పోయినా ఈ ఊళ్ళో మనిషి తలెత్తుకు తిరుగుతాడు, బొంగు పోయినవాడు మాత్రం వెనకాల పిల్లకాయలతో పాటు కొవ్వొత్తి పట్టుకుని నడవాలి, మైనం చేతి మీద కారుతుంటే కిక్కురుమనకుండా నడవాలి, మరుసటేడు కాలు బాగుపడింది కదా అని కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తే, చర్చి మెట్ల మీద అందరి ముందూ అక్క ఏమంది, నీ కాలు నిన్నే మొయ్యలేకపోతోంది, ఆ తల్లినేం మోస్తుందిరా, తీసుకెళ్ళి జలాశయంలో పడేస్తావా ఏమిటి, అంది, జనం పగలబడి నవ్వారు, ఫాదరుగారు కూడా అంగీ చేతిలో మొహం దాచుకుని నవ్వాడు, తను చూడలేదనుకున్నాడు కాబోలు, ఆ రోజు నుంచీ అక్కతో మాటల్లేవు, రొట్టెల కొట్లో ఎదురుపడితే ఇద్దరూ రొట్టెలనే చూస్తారు, ఇవాళ ఈ నడక పూర్తిచేసి చూపిస్తే ఆదివారం ఏ ముఖం పెట్టుకుని మాట్లాడుతుందో చూద్దాం, టిక్, టిక్, పర్వాలేదు, టిక్కే.

ఇదిగో వచ్చింది చీలిక, రాయి మీద తెలుపూ పసుపూ గీతలు పక్కపక్కన ఉంటే ఇదే దారి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ ఇంటూ గుర్తుంటే ఇటు రావద్దని, దేశమంతటా ఇదే లెక్క, ఈ లోయలో ఆ రంగు వేసే పని తనదే, కొట్టేసిన దారి ఎడమన నది పక్కనే చాప పరిచినట్టు చదునుగా పోతోంది, పోయి పోయి ఎక్కడికి పోతుంది, బెనీతా చెర్రీ తోటలోంచి, ఆవిడ వంటింటి కిటికీ కిందనుంచి పోతుంది, అందుకే కదా తను ఇంటూ కొట్టి జనాన్నంతా కుడివైపు కొండ మీదికి తోలింది, సంఘంలో ఎవరో ఎందుకని అడిగితే పైనుంచి దృశ్యం బాగుంటుందన్నాడు, ఏం దృశ్యం, ఓ కరెంటు స్తంభం, నాలుగు ముళ్ళ పొదలు, మేకలు కూడా పనుంటే తప్ప ఎక్కవు, ఎక్కడెక్కడినుంచో వచ్చిన కుర్రకారు నాలుకలు బయటపెట్టి ఎక్కి, దిగొచ్చి చెబుతుంటే తను బారులో కూర్చుని చల్లటి బీరు తాగుతూ వినేవాడు, బాగుందండీ దృశ్యం అనే చెప్పేవాళ్ళు, మర్యాదస్తులు, అప్పుడు తెలియలేదు ఈ కొండ ఇంత నిటారుగా ఉంటుందని, రంగు డబ్బాతో తను ఎప్పుడూ కింద రాయి దాకానే వచ్చేవాడు, పైన గుర్తులు వెయ్యడానికి గోయోని పంపేవాడు, వాడు తిట్టుకుంటూ వేసేవాడు, రండి రండి, దృశ్యం చూద్దురుగాని, అంటూ ముందు నడిచాడు, టిక్, టిక్, ఊపిరి పీల్చు, నవ్వు మొహం పెట్టు, టిక్, నాన్న ఈ కొండని గడ్డిమోపుతో ఎక్కేవాడు, నాన్న మోకాలు నాన్నది, టిక్, కరక్.

కరక్కే, అనుమానం లేదు, ఒనోరియో బూటు తాడు కట్టుకునేవాడిలా కూర్చున్నాడు, కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు, ఎంతసేపని కడతావులే, అని గోయో పక్కనే కూలబడి తోలు సంచీలోంచి వైను గొంతులోకి పిండుకుని తనకీ ఇచ్చాడు, అంపారో టీచరు వచ్చి పటం విప్పింది, కింద చదునైన దారి ఉంది కదండీ, ఎందుకు మూసేశారు, కొండచరియ విరిగిపడిందా, అని అడిగింది, అందరూ ఉన్నట్టుండి తమ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు, ఇంతమంది ఒక్కసారిగా బూట్లెందుకు చూసుకుంటున్నారు, ఓహో, ఓరి దేవుడా, వీళ్ళందరికీ తెలుసన్నమాట, తెలిసే ఎక్కుతున్నారు, ఇన్నేళ్ళూ, గుండెజబ్బుతో దామియాను ఎక్కాడు, ఒళ్ళంతా కీళ్ళనొప్పులతో రొసౌరా ఎక్కింది, ఒక్కరూ నోరు విప్పలేదు, ఏం మనిషివయ్యా ఒనోరియో, ఊరినంతా కొండెక్కించావు, వేడి ఆవిరి చెవుల్లోంచి పోతున్నట్టయింది, గోయో మూతి తుడుచుకుని, నీ కోసం ఎక్కింది చాలురా, ఇవాళ దిగుదాం, కూర చల్లారిపోతుంది, అన్నాడు, కానీ టీచరు ఒప్పుకోదే, ఇంటూ గుర్తు ఉందండీ, అది దాటి వెళ్ళకూడదు, నియమం నియమమే, అంటుంది, పెద్దావిడ పటం గుండెకి హత్తుకుని నిలబడితే కదిలించేదెవరు, ఇక తప్పలేదు, ఆ ఇంటూ తనే కొట్టానని, అక్కడేమీ విరిగిపడలేదని, ఉన్నదల్లా తన అక్కేనని చెప్పుకోవాల్సి వచ్చింది, ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని చూసింది, బడిలో కిటికీ అద్దం పగలగొట్టిన పిల్లాణ్ణి చూసినట్టు చూసి, సరే పదండి, అంది.

గోయో భుజం మీద వేలాడుతూ దిగడం, ఇంటూ గుర్తు దాటడం, చెర్రీ కొమ్మలు మొహానికి కొట్టుకోవడం, వద్దు, ఇటు కాదు, ఆనకట్టకి ఇంకో దారే లేదా, లేదు, ఆదివారం సంగతి అయిపోయింది, బొంగు పోయింది, నాన్నా నన్ను క్షమించు, కొవ్వొత్తే గతి, అదిగో అక్క, నిచ్చెన మీద బుట్టతో ఉంది, నవ్వుతుంది ఇప్పుడు, పడీపడీ నవ్వుతుంది, నవ్వు, కానియ్యి, ఆవిడ నవ్వలేదు, నిచ్చెన దిగి ఇంట్లోకి పోయి కుర్చీ తెచ్చి వేసింది, తడిగుడ్డ తెచ్చి మోకాలికి చుట్టింది, నొక్కి కట్టింది, అమ్మ కట్టినట్టే, ఆ చేతుల మీద చర్మం ఎప్పుడు ఇంత ముడతలు పడిపోయింది, జుట్టు ఎప్పుడు ఇలా పలచబడింది, రొట్టెలు చూసుకుంటూ గడిపేశాం, జనమంతా అడక్కుండానే చెర్రీలు తింటున్నారు, టీచరు కూడా, గింజలు మాత్రం రుమాల్లో పోగేస్తోంది, ఏదో ఒకటి అనాలి, ఏమనాలి, కాయలు బాగా కాశాయే అక్కా, అన్నాడు, కాశాయిరా, అంది ఆవిడ తల ఎత్తకుండా, తర్వాత నెమ్మదిగా, తమ్ముడికి మాత్రమే వినపడేలా అంది, ఏటా ఎన్నిసార్లు వస్తావో ఆ రాయి దగ్గరికి, వంగుతావు, తుడుస్తావు, రంగేస్తావు, ఇటు చూసి వెళ్ళిపోతావు, కిటికీలోంచి చూస్తూనే ఉంటాను, నువ్వు కనపడగానే పొయ్యిలో పచ్చి కట్టెలు తోస్తానురా, పొగ బాగా లేస్తే నేనున్నానని నీకు తెలుస్తుందని, ఇల్లంతా దగ్గి చస్తాం నేనూ కుక్కా, బొంగు మాత్రం ఇవ్వను, అది వేరే సంగతి.

బొంగు ఇవ్వదట, ఇవ్వకపోతే పోనీ, విచిత్రమేమిటంటే ఆ మాట ఎక్కడా గుచ్చుకోలేదు, ఒనోరియో కళ్ళు తుడుచుకున్నాడు, పొగేమీ లేదే ఇప్పుడు, గోయో అటు తిరిగి కుక్కతో మాట్లాడుతున్నాడు, లోయ పొడుగునా ఎన్ని రాళ్ళు, ఎన్ని గుర్తులు వెలిసిపోయాయి, దారి కనపడక జనం తప్పిపోతున్నారని సంఘం ఎన్నిసార్లు మొత్తుకుంది, వాటివైపు తను కన్నెత్తి చూడలేదు, ఆ ఒక్క ఇంటూ మాత్రం రొట్టె మీద వెన్నలా మందంగా మెరుస్తుంటుంది, దానికి రంగు అవసరమే లేదు, పోయినేడూ లేదు, అంతకు ముందేడూ లేదు, అయినా డబ్బా పట్టుకుని వచ్చేవాడు, పొగ కనపడేదాకా నిలబడేవాడు, కనపడ్డాక ఇంటికి పోయి హాయిగా నిద్రపోయేవాడు, రంగు వెయ్యడానికి కాదు, ఎవర్నీ ఆపడానికీ కాదు, అక్క ఉందో లేదో చూసుకోవడానికే వచ్చేవాడు తను.