వంగి చూడని బండి

నాలుగో బిడ్డ పుట్టినప్పటినుంచీ రేనో కంగాస్ ఇంటివాళ్ళు ఆరుగురూ ఒకే బండిలో ఎక్కడికీ వెళ్ళలేకపోయారు. రేనో నడిపే పాత పికప్‌కి ఒకటే వరస సీట్లు. భార్య మార్లా నడిపే కారులో అయిదుగురికి మించి పట్టరు, పైగా అది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వారానికోసారి ఏదో ఒక మంచుగుట్టలో కూరుకుపోయేది. చర్చికి రెండు బళ్ళు, మార్లా పుట్టింటికి రెండు బళ్ళు, చివరికి పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా రెండు బళ్ళు.

“మనల్ని చూసినవాళ్ళు మొగుడూ పెళ్ళాలు విడిపోయారనుకుంటున్నారు,” అని మార్లా ఒకరోజు నవ్వుతూ అంది గానీ, నవ్వులో విసుగు కూడా ఉంది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో రేనో తన పాత పికప్ అమ్మేసి, వాడిన బండే అయినా నాలుగు తలుపుల పెద్ద పికప్ కొనాలని నిశ్చయించుకున్నాడు. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు కూర్చోవాలి. తొట్టి నిండా కట్టెలు వేసినా, వెనక ఇంకో ట్రెయిలర్ తగిలించినా లాగాలి. రేనో అడవిలో చెట్లు కొట్టే కంపెనీలో పనిచేసేవాడు. అతనికి బండి అంటే కాలూ చెయ్యీ లాంటిది.

ఆ వెతుకులాటంతా నెత్తిన వేసుకున్నది పెద్దకూతురు ఐలీ. దానికి పదిహేనేళ్ళు. ఎనిమిదో ఏటినుంచీ తండ్రి వెనకే గ్యారేజీలో తిరిగేది. పానా సైజు చూపుతోనే చెప్పేది. కింద ముగ్గురూ తమ్ముళ్ళు, ఇంకా చిన్నవాళ్ళు. వాళ్ళుండే కీవినా ప్రాంతంలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇంజన్‌ని ఏమీ చెయ్యదు, కింద బండి బరువంతా మోసే ఇనుప చట్రాన్ని, ఛాసీని నమిలేస్తుంది. అందుకని రేనో కూతురికి మొదట నేర్పిన విద్య బండి కిందికి దూరటం. సుత్తి తీసుకుని ఛాసీ మీద చిన్నగా కొట్టించేవాడు. “గంటలా మోగితే ఇనుము బతికుందని. తడిసిన చెక్కలా చప్పుడు చేస్తే లేచి ఇంటికెళ్ళిపో. పైన రంగెంత మెరిసినా సరే,” అనేవాడు.

ఐలీ ఆరు వారాలు ప్రకటనలు చూసింది. తమ్ముళ్ళు కూర్చునే పిల్లల సీట్లు మూడూ పక్కపక్కన పెట్టి టేపుతో కొలిచింది. వెనక సీటు అంతకన్నా సన్నగా ఉన్న బళ్ళన్నీ కొట్టేసింది. చివరికి ఊర్హో మాకి అనే ముసలాయన దగ్గర ఒక తెల్ల బండి దొరికింది. పన్నెండేళ్ళ బండి, మొదటినుంచీ ఆయనదే. సీట్ల గుడ్డకి కుక్క వాసన పట్టింది. వెనక తలుపు జింక గుద్ది సొట్టపోయింది. కానీ ఆయన ఏటా మంచు పడకముందే తుప్పు పట్టకుండా రంపాలకి వాడే నూనె బండి అడుగంతా కొట్టించేవాడు.

తండ్రీ కూతుళ్ళు శనివారం వెళ్ళి చూశారు. ఐలీ కిందికి దూరి సుత్తితో కొట్టుకుంటూ పోయింది. ముందునుంచి వెనకదాకా గంటలా మోగింది. మొహమంతా నూనె పూసుకుని బయటికొచ్చిన పిల్లని చూసి ఊర్హో, “నేను అమ్ముతున్నానా, పరీక్ష రాస్తున్నానా తల్లీ?” అన్నాడు.

“పాసయ్యారు తాతగారూ,” అంది ఐలీ.

ఆయన భార్య కాఫీ, యాలకుల రొట్టె పెట్టింది. రేనోకి బండి నచ్చింది. కానీ ఆ సొట్టా, ఆ కుక్క వాసనా మనసులో ఎక్కడో ఒక మూల గుచ్చుతూనే ఉన్నాయి. “మార్లాకి చెప్పి సోమవారం వస్తాం,” అన్నాడు.

మర్నాడు చర్చి నుంచి తిరిగి వస్తున్నారు. ముందు పాత పికప్‌లో రేనో, ఐలీ. వెనక కారులో మార్లా, పిల్లలు. హైవే పక్కన డ్వేన్ లాపోయింట్ పాత బళ్ళ కొట్టు ముందు ఒక ఎర్ర పికప్ నిలబడి ఉంది. చక్రాలతో సహా మెరుస్తోంది. రేనో తనకి తెలియకుండానే బండి అటు తిప్పాడు. వెనకే మార్లా కూడా కారు ఆపింది.

డ్వేన్ బడిరోజుల్లో హాకీ జట్టుకి కెప్టెన్. రేనో కూడా ఆ జట్టులోనే ఉండేవాడు, అదనపు గోల్ కీపరుగా. నాలుగేళ్ళలో ఒక్క ఆట కూడా ఆడకుండా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ రోజుల్లో డ్వేన్ అతన్ని పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. ఇప్పుడు చేతులు చాచుకుంటూ ఎదురొచ్చాడు.

“ఒరేయ్ కంగాస్! నిన్ను మర్చిపోతానట్రా! నీలాంటివాడు ఆ డొక్కు బండిలో తిరుగుతుంటే నాకు సిగ్గుగా ఉందిరా. ఇదిగో, దీనిలో ఎక్కి కూర్చో. ఊరికే కూర్చో, డబ్బులడగనులే.”

రేనో కూర్చున్నాడు. తోలు సీటు వెచ్చగా ఉంది. ఎత్తు మీద నుంచి చూస్తే రోడ్డంతా తనదే అనిపించింది. “దీంట్లో నువ్వు అడవిలోకి వెళ్ళావంటే మీ మేస్త్రీ లేచి నిలబడి సలాం కొట్టాలి,” అన్నాడు డ్వేన్. రేనో చాలా కాలానికి పెద్దగా నవ్వాడు.

అప్పుడు కిందనుంచి ఐలీ గొంతు వినిపించింది. చర్చికి వేసుకున్న గౌనుతోనే కంకర మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరింది.

“నాన్నా, దీని అడుగుకి నల్లరంగు ఈ మధ్యే కొట్టారు. తాళంచెవితో గీరితే దాని కింద తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తోంది. ఒకసారి ఇలా వచ్చి చూడు.”

డ్వేన్ నవ్వాడు. “ఏంరా, ఇంట్లో ఇన్‌స్పెక్టర్ని పెంచుతున్నావా?”

“అదంతేలే, దానికి బళ్ళంటే పిచ్చి,” అన్నాడు రేనో.

“నాన్నా, నిజంగా. క్యాబిన్ వెనకాల మరీ మెత్తగా ఉంది. నువ్వొచ్చి కొట్టి చూడు.”

“చూడరా, చూసిరా,” అన్నాడు డ్వేన్, పక్కనున్న పనివాడి వైపు కన్నుకొడుతూ. “పాప సంతకం పెడితేగానీ మీ ఇంట్లో బండి కొనరేమో!”

పనివాడు కిసుక్కుమన్నాడు. రేనో చెవులు కాలిపోయాయి. కిందికి దిగి వంగితే ఏం కనిపిస్తుందో అతనికి తెలుసు. కూతురికి ఆ చప్పుడు నేర్పింది తనే. వంగితే ఔననాలి, ఔనంటే ఈ ఎత్తు సీటు దిగి, డ్వేన్ ముందు మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చునేవాడైపోవాలి. వంగలేదు.

“ఇక చాలు!” అన్నాడు. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది గొంతు. “నాలుగు పానాలు అందించినంత మాత్రాన మెకానిక్కువి అయిపోలేదు నువ్వు. లేచి ఆ గౌను దులుపుకుని వెళ్ళి మీ అమ్మ దగ్గర కూర్చో. పెద్దవాళ్ళ మధ్య దూరకు.”

ఐలీ బయటికొచ్చింది. మోచేతులు గీరుకుపోయాయి. తండ్రి మొహం వైపు ఒకసారి చూసింది. అతను డ్వేన్ వైపు చూస్తున్నాడు. చేతిలో ఉన్న అరచేతంత తుప్పు పెచ్చుని తండ్రి సీటు కింద మెట్టు మీద పెట్టి, కారు దగ్గరికి నడిచింది.

రేనో ఆ రోజే కాగితాల మీద సంతకం పెట్టాడు. బండి ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నానని, తర్వాత ఏమైనా అడగనని రాసి ఉంది వాటిలో. చదివే పెట్టాడు.

ఆ సాయంత్రం మార్లా గిన్నెలు తుడుస్తూ, “బండి సంగతి నాకు తెలీదు. అందరిముందూ పిల్లని అలా అనాల్సింది కాదు. వెళ్ళి ఒక మాట చెప్పు,” అంది.

“చెప్తాలే,” అన్నాడు.

చెప్పలేదు. మొదటి వారం కొత్త బండి సంబరంలో చెప్పలేదు. ఆరుగురూ ఒకే బండిలో చర్చికి వెళ్ళారు, పిల్లలు వెనక సీట్లో పాటలు పాడారు. రెండో వారానికి, పాత సంగతి ఇప్పుడు ఎత్తితే బాగోదేమో అనిపించింది. మంచు పడేసరికి అది మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. ఐలీ అలిగినట్టు కూడా లేదు. అడిగినదానికి జవాబిచ్చేది, అన్నం బల్ల దగ్గర ఉప్పు అందించేది. గ్యారేజీకి మాత్రం రావటం మానేసింది.

“ఐలీ, బ్రేకులు మారుస్తున్నాను, వస్తావా?” అంటే, “రేపు పరీక్షుంది నాన్నా,” అనేది. రెండుమూడుసార్లు పిలిచాడు. ఆ తర్వాత పిలవటానికి అతనికే మొహమాటమైంది.

ఏప్రిల్ నెలాఖరున మార్లా పుట్టింటి నుంచి పగటిపూట తిరిగి వస్తున్నారు. తొట్టి నిండా మేపుల్ కట్టెలు. మంచు కరిగి రోడ్డు ఎక్కడికక్కడ ఉబ్బి, గోతులు పడింది. ఒక గోతిలో చక్రం దిగింది. తుపాకీ పేలినట్టు ఫట్‌మని వినిపించింది. వెనక తొట్టి ఒక పక్కకి ఒరిగిపోయింది. బండి అడ్డంగా జారుకుంటూ అవతలి వరసలోకి పోయింది. ఎదురుగా దుంగల లారీ. హారను చెవులు పగిలేలా మోగింది. రేనో స్టీరింగుని రెండు చేతులా లాగి ఎలాగో రోడ్డు పక్కకి తెచ్చాడు. లారీ గాలికి బండి ఊగింది. అంతే, లారీ వెళ్ళిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

చిన్నవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అందరికన్నా ముందు దిగింది ఐలీ. తమ్ముళ్ళ బెల్టులు విప్పి, ఒకణ్ణి చంకనెత్తుకుని, ఇద్దర్నీ చేతులు పట్టి, కాలవ దాటించి గట్టు మీద కూర్చోబెట్టింది. రేనో మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూశాడు. క్యాబిన్ వెనకాల, ఎడమవైపు, ఛాసీ రెండు ముక్కలైంది. విరిగినచోట ఇనుము బిస్కట్టులా పొరలు పొరలుగా ఉంది. ఇంకో అర క్షణం అటూ ఇటూ అయితే ఈ ఆరుగురూ ఏమయ్యేవాళ్ళో అనుకుంటూ విరిగిన అంచుని వేలితో తడిమాడు.

తలెత్తి కూతురి వైపు చూశాడు. ఇప్పుడంటుంది, అనుకున్నాడు. అనాలి. ‘చెప్తే విన్నావా’ అని ఒక్క మాట, ఎంత గట్టిగా అన్నా సరే, అంటే బాగుండునని అతని ప్రాణం కొట్టుకుంది. తిట్టినా మంచినీళ్ళలా తాగేవాడు.

ఐలీ తమ్ముడి బూటు లేసు కడుతోంది. కట్టి లేచి, “బండి లాక్కెళ్ళేవాళ్ళకి ఫోన్ చెయ్యనా నాన్నా?” అంది.

డ్వేన్ దగ్గరికి వెళ్తే, “సంతకం పెట్టింది నువ్వే కదరా,” అన్నాడు. ఈసారి పేరు పెట్టి కూడా పిలవలేదు. అతని మీద రేనోకి పెద్దగా కోపం రాలేదు. తనమీద తనకున్న కోపంలో అతనికి వాటా మిగల్లేదు.

సిగ్గు విడిచి ఊర్హో మాకి ఇంటికి కూడా వెళ్ళాడు. వాకిట్లో తెల్ల బండి లేదు.

“అది అక్టోబరులోనే అమ్మేశానయ్యా,” అన్నాడు ముసలాయన. “మీరు రావటం లేదని మీ అమ్మాయి ఆ సోమవారమే ఫోన్ చేసింది.”

“ఐలీయా?”

“నీకు తెలీదా? మీ టైము పాడుచేసినందుకు ఏమీ అనుకోకండి తాతగారూ, మీ బండికి ఏ వంకా లేదు, బాగా చూసుకునేవాళ్ళకి అమ్మండి అంది. గొంతు బొంగురుపోయి ఉంది, జలుబు చేసిందా అని అడిగాను. ఔనంది.”

రేనో ఆయన పెట్టిన కాఫీ తాగలేకపోయాడు. ఆ మాట తను చెప్పాల్సింది. సోమవారం వస్తానన్నవాడు తనే. అంత నోరు చేసుకున్న మర్నాడు, ఆ పిల్ల తన తరఫున మర్యాద నిలబెట్టింది.

ఇంటికెళ్ళగానే చెప్పాలనుకున్నాడు. ఐలీ గది తలుపు దగ్గరికి వెళ్ళాడు కూడా. లోపల ఎవరో స్నేహితురాలితో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ నవ్వు ఆపటం ఎందుకులే అని వెనక్కి వచ్చాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. అడ్డు లేనప్పుడు ధైర్యం ఉండేది కాదు. అలా మూడేళ్ళు గడిచాయి. ఐలీ కాలేజీకి వెళ్ళింది. బళ్ళ జోలికి పోలేదు, లెక్కలు చదివింది. దులూత్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పండగలకి వచ్చేది, వంటింట్లో తల్లికి సాయం చేసేది, తండ్రికి చేతిగ్లవ్స్ లాంటివి తెచ్చేది. ఎప్పుడూ మర్యాదగా ఉండేది.

ఆ ఎర్ర బండి కొన్న ఏడేళ్ళకి ఒక ఆదివారం మధ్యాహ్నం, మార్లా ఫోన్లో మాట్లాడుతూ, “అలాగా! మంచి రంగే!” అంది. తర్వాత ఫోను రేనోకి ఇచ్చింది. “ఐలీ కారు కొనుక్కుందట.”

“కొత్తదా?” అన్నాడు రేనో.

“కాదు నాన్నా, వాడిందే. బాగుంది. మా ఆఫీసులో ఒకావిడ ఉంది, వాళ్ళ నాన్నగారు మెకానిక్. ఆయనే వచ్చి కిందా పైనా చూసిపెట్టారు.”

రేనో ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. “నాకు చెప్తే నేను వచ్చేవాణ్ణి కదా తల్లీ.”

“నాలుగు గంటల దారి కదా నాన్నా. నీకెందుకు శ్రమ.”

ఆ మాటలో ఏ పుల్లవిరుపూ లేదు. అందుకే తట్టుకోలేకపోయాడు. మార్లా పక్కనే ఉందని కూడా చూడకుండా అనేశాడు:

“ఐలీ, ఆ రోజు డ్వేన్ కొట్టు దగ్గర నువ్వు చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను నిన్ను. వంగి చూడాల్సింది. నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. ఇన్నేళ్ళూ చెప్పకపోవటం అంతకన్నా తప్పు.”

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

“తెలిసే అన్నావా?” అంది ఐలీ, చిన్నగా. “నేను నువ్వు నమ్మలేదనుకున్నాను నాన్నా. నాకు నిజంగా ఏమీ రాదనుకున్నావని. చాలా రోజులు ఏడ్చాను అప్పుడు.”

“నీకు రాకపోవటమేంటి తల్లీ. నాకన్నా బాగా వచ్చు.”

“ఇప్పుడేం గుర్తులేవులే నాన్నా, అవన్నీ.” తర్వాత, “పర్వాలేదు. నువ్వేం మనసులో పెట్టుకోకు. తమ్ముడి ఆట ఎలా జరిగింది?” అంది.

రేనో చెప్పాడు, రెండు గోల్స్ తేడాతో గెలిచారని. ఐలీ సంతోషించింది. ఎవరో ఎదురుచూస్తున్నారని చెప్పి పెట్టేసింది.

మార్లా అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. “చెప్పావన్నమాట. ఏమంది?”

“పర్వాలేదంది.”

“మంచిదేగా మరి?”

“మంచిదే,” అన్నాడు రేనో. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కూతురు ఏమంటుందోనని ఏడేళ్ళు భయపడ్డాడు. ‘పర్వాలేదు’ అన్న మాట ఇంత తేలిగ్గా, పరాయివాళ్ళతో అన్నట్టు వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.